పరీక్షలు మారుతుంటాయి, చదువు నిలవాలి
(దాతలు తెలుసుకోవలసిన కొన్ని విషయాలు)



మన సొసైటీ వార్షిక సంచిక చేతికి రాగానే చాలామంది దాతలు ముందుగా తిరగేసేది లెక్కల పేజీ. ఎన్ని బ్యాగులు పంచాం, ఎన్ని నోటు పుస్తకాలు కొన్నాం, ఎందరికి ఫీజు కట్టాం, పదో తరగతిలో ఎందరికి బహుమతులిచ్చాం అని చూస్తారు. అది చూడటం వారి హక్కు. ఆ లెక్క చూశాక ఈమధ్య కొందరు మమ్మల్ని ఇంకో మాట కూడా అడుగుతున్నారు: "ఇంత ఇస్తున్నాం గదా సార్, మరి పిల్లలు పదిలో ఎందుకు ఆగిపోతున్నారు?" న్యాయమైన ప్రశ్న. బడిలో పాఠం చెప్పేవాళ్లం కాబట్టి దీనికి జవాబు చెప్పవలసిన బాధ్యత మాపై ఉంది.

ఏమేం మారింది?

ఇప్పటి తల్లిదండ్రులు చదువుకున్న పదో తరగతి వేరు, వాళ్ల పిల్లలు రాస్తున్న పదో తరగతి వేరు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2019 మార్చి వరకు పదో తరగతికి 11 పేపర్లు ఉండేవి. పబ్లిక్ పరీక్షకు 80 మార్కులు, బడిలోనే వేసే ఇంటర్నల్ మార్కులు 20. తర్వాత ఇంటర్నల్ మార్కులు తీసేశారు. విడిగా ఇచ్చే బిట్ పేపరూ పోయింది. కరోనా వల్ల 2020, 2021 సంవత్సరాల్లో పరీక్షలే జరగలేదు, అందరినీ పాస్ చేశారు. 2022లో 7 పేపర్లు, 2023 నుంచి 6 సబ్జెక్టుల పద్ధతి వచ్చింది. సైన్సులో మాత్రం భౌతిక, జీవ శాస్త్రాలకు 50 మార్కుల చొప్పున రెండు పేపర్లు.

ఫలితాలు చూస్తే ఈ మార్పు బరువు తెలుస్తుంది. 2019లో ఉత్తీర్ణత 94.88 శాతం. 2022లో 67.26 శాతం. ఆ తర్వాత 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14 శాతం. మూడేళ్లలో పిల్లల తెలివి ఒక్కసారిగా తగ్గిపోదు గదా. 2022లో రాసినవాళ్లు ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో చాలా కాలం బడి మొహం చూడనివాళ్లు. ఇంటర్నల్ మార్కుల ఆసరా లేకుండా కొత్త తరహా పేపరు ఎదుర్కొన్న తొలి బ్యాచ్ కూడా వాళ్లదే.

పుస్తకాలూ మారాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. 2024-25లో పదో తరగతికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ పుస్తకాలు వచ్చాయి. 1000 ప్రభుత్వ పాఠశాలలకు సీబీఎస్ఈ గుర్తింపు తెచ్చారు. అయితే వాటిలో చదివి పదికి చేరిన మొదటి బ్యాచ్ పిల్లలు 2025 మార్చిలో తిరిగి రాష్ట్ర బోర్డు పరీక్షే రాశారు. కింది తరగతుల్లో ఫార్మేటివ్, సమ్మేటివ్, సీబీఏ అంటూ పరీక్షల పేర్లు మారుతూనే ఉన్నాయి.

ఇంకో మార్పు కూడా గమనించాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి వరకు ఎవరినీ ఫెయిల్ చేయకూడదు. 2019లో చట్టాన్ని సవరించి, ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష పెట్టుకునే వీలు ప్రభుత్వాలకు ఇచ్చారు. తప్పిన పిల్లలకు అదనపు బోధన ఇచ్చి, రెండు నెలల్లోగా మళ్లీ పరీక్ష పెట్టాలి. అప్పుడూ తప్పితే ఆపవచ్చు. కేంద్రం తన పాఠశాలలకు 2024 డిసెంబరులో ఈ నిబంధన తెచ్చింది. గాలి ఎటు వీస్తోందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మారనిది ఏమిటి?

ఇన్ని మార్పుల మధ్య తల్లిదండ్రులు కంగారుపడటం సహజం. కానీ ఏ బోర్డు పేపరైనా, ఏ పేరుతో పెట్టినా, పిల్లవాడు చేయవలసినవి మూడే. ప్రశ్న చదివి అర్థం చేసుకోవాలి. తనకు తెలిసింది గుర్తు తెచ్చుకోవాలి. దాన్ని నాలుగు వాక్యాల్లో సొంతంగా రాయాలి. ఈ మూడూ వచ్చిన పిల్లలు పేపరు మారితే ఒక నెల తడబడతారు, తర్వాత సర్దుకుంటారు. ఇవి రాని పిల్లలను ఎన్ని గైడ్లు కొనిచ్చినా గట్టెక్కించలేం.

పదో తరగతి లెక్కల పేపరు చూడండి. 12 ఒక మార్కు ప్రశ్నలు, 8 రెండు మార్కులవి, 8 నాలుగు మార్కులవి, 5 ఎనిమిది మార్కులవి. మొత్తం 100. అంటే 72 మార్కులు నాలుగు, ఎనిమిది మార్కుల ప్రశ్నల్లోనే ఉన్నాయి. వీటిలో మాటల్లో ఇచ్చే లెక్కలుంటాయి. సూత్రం కంఠతా వచ్చినా ప్రశ్నలోని వాక్యం అర్థం కాకపోతే ఆ మార్కులు దక్కవు. మా దగ్గరకు వచ్చే పిల్లల్లో లెక్కల్లో తప్పినవాళ్లు చాలామంది నిజానికి చదవటంలో తప్పినవాళ్లే.

మన పిల్లల భాషా భారం

ఇంట్లో మన పిల్లలు మాట్లాడేది దక్కనీ ఉర్దూ. పొద్దున మక్తబ్‌లో కుడి నుంచి ఎడమకు అరబీ అక్షరాలు. బడిలో ఎడమ నుంచి కుడికి తెలుగు. పాఠం ఇంగ్లీషులో. హిందీకి మరో లిపి. ఆరేడేళ్ల పిల్లకు ఇది చిన్న పని కాదు. 2020 జాతీయ విద్యా విధానం కనీసం ఐదో తరగతి వరకు, వీలైతే ఎనిమిది వరకు ఇంటి భాషలో బోధన ఉండాలని చెప్పింది. మన ఇళ్లలో చాలామంది పిల్లలకు ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి.

దీనివల్ల ఏం జరుగుతుందో చిన్న ఉదాహరణ. ఉర్దూలో 'బాకీ' అంటే మిగిలినది. తీసివేత చెప్పేటప్పుడు ఇంట్లో ఆ మాటే వాడతారు. తెలుగులో బాకీ అంటే తీర్చవలసిన అప్పు. "రాజు దగ్గర 50 రూపాయలున్నాయి, 30 బాకీ ఉన్నాడు" అని లెక్క ఇస్తే, రాజు దగ్గర 30 మిగిలాయని రాసే పిల్లలు ఉంటారు. వాళ్లకు తీసివేత రాదని అనేస్తాం. వాళ్లకు రానిది తీసివేత కాదు.

అంకెల పేర్లు కూడా అంతే. తెలుగులో 29 అంటే ఇరవై తొమ్మిది, విన్నది విన్నట్టు రాయవచ్చు. ఉర్దూలో అది ఉన్‌తీస్, అంటే ముప్పైకి ఒకటి తక్కువ. 'తీస్' అన్న శబ్దం పట్టుకుని ముప్పైల్లోకి వెళ్లిపోయే పిల్లలు మొదటి తరగతుల్లో కనిపిస్తారు. ఈ సంగతి తెలిసిన టీచరు రెండు రోజుల్లో సరిదిద్దుతారు. తెలియకపోతే ఆ పిల్లపై 'మొద్దు' అన్న ముద్ర పడుతుంది.

ఇంటి నుంచి తెచ్చుకునే బలం

భారం గురించి చెప్పాం గనక బలం గురించీ చెప్పాలి. మన ఇళ్లలో పిల్లలు పావ్, ఆధా, పౌన్, సవా, డేఢ్, ఢాయి అన్న మాటలు అమ్మమ్మల నోట వింటూ పెరుగుతారు. సవా సౌ అంటే 125, డేఢ్ సౌ అంటే 150, పౌనే దో సౌ అంటే 175, ఢాయి సౌ అంటే 250. పండ్ల బండి దగ్గర తండ్రికి సాయం చేసే పిల్లవాడు ఇవన్నీ నోటితో చెప్పేస్తాడు. అదే పిల్లవాడు పుస్తకంలో ఒకటింపావును వందతో గుణించమంటే తలవంచుకుంటాడు. ఆ రెండూ ఒకటేనని చూపించేవాళ్లు కావాలి. చూపిస్తే భిన్నాల పాఠం సగం అయిపోయినట్టే.

టైలరింగ్ చేసే ఇంట్లో కొలతలు, మెకానిక్ షెడ్డులో స్పానర్ సైజులు, బిర్యానీ వండే ఇంట్లో బియ్యానికి నీళ్ల పాళ్లు, ఇవన్నీ గణితమే. హాజరు, జవాబు, కాగితం, కలం వంటి మాటలు తెలుగు బడిలోనూ మన ఇంటిలోనూ ఒకటే. కొత్త పుస్తకాలు, కొత్త పరీక్షలు అడుగుతున్నది కూడా ఇదే: తెలిసినదాన్ని కొత్త చోట వాడి చూపించమని. బట్టీ పట్టే అలవాటు ఉన్నవాళ్లకు ఇది కష్టం. పని చూస్తూ పెరిగిన మన పిల్లలకు దారి చూపితే అంత కష్టం కాదు.

ఏం చేస్తే పని జరుగుతుంది?

మొదటిది, పిల్లవాడు ఏ తరగతిలో ఉన్నాడని కాకుండా ఏం చదవగలుగుతున్నాడని చూడాలి. ప్రథమ్ సంస్థ 2005 నుంచి 'అసర్' సర్వేలో వాడుతున్న పద్ధతి ఎవరైనా చేయగలిగినంత తేలిక: అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటీ చదివించి చూడాలి. ఐదు నిమిషాల పని. ఏడో తరగతి అమ్మాయి పేరా దగ్గర ఆగిపోతే, ఆమెకు ఏడో తరగతి గైడు ఇచ్చి లాభం లేదు. అక్కడి నుంచే ఎత్తుకోవాలి.

రెండోది, రోజూ ఒక గంట గట్టిగా చదివించటం, చదివింది సొంత మాటల్లో చెప్పించటం. మొదట దక్కనీలో చెప్పనివ్వండి, తర్వాత తెలుగులో, ఆపైన ఇంగ్లీషులో రెండు వాక్యాలు. ఇంటి భాషలో చెప్పినందుకు కసరకూడదు. అర్థమైందని రుజువు అదే.

మూడోది, ప్రశ్నల భాష. వివరించండి, పోల్చండి, కారణాలు రాయండి, సమర్థించండి. ఇంగ్లీషులో అయితే ఎక్స్‌ప్లెయిన్, కంపేర్, జస్టిఫై, ఎస్టిమేట్. ఇలాంటి మాటలు ఓ ఇరవై ఉంటాయి. ఒక్కోదానికి జవాబు ఎలా ఉండాలో ఎనిమిదో తరగతి నుంచే నేర్పాలి. పోల్చమంటే రెండింటి గురించీ రాయాలి. సమర్థించమంటే కారణం చెప్పాలి. పదో తరగతి పరీక్షకు ఇచ్చే 3 గంటల 15 నిమిషాల్లో 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవటానికే. ఆ పావుగంట వాడుకోవటం చాలామందికి రాదు.

నాలుగోది, తప్పినవాళ్లను వదిలేయకపోవటం. ఒక సబ్జెక్టు పోయిందని ఇంట్లో కూర్చున్న అబ్బాయి వారంలో ఏదో ఒక షెడ్డులో చేరతాడు. అమ్మాయికైతే సంబంధాలు చూడటం మొదలవుతుంది. సప్లిమెంటరీ పరీక్ష దగ్గరలోనే ఉంటుంది, తప్పిన సబ్జెక్టు రాస్తే చాలు. ఫలితాలు వచ్చిన రోజు పాసైనవారిని అభినందించటంతో పాటు తప్పినవారి ఇంటికి ఎవరైనా వెళ్లాలి. ఎప్పుడో బడి మానేసి పద్నాలుగేళ్లు దాటినవారికి సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పది రాసే దారి ఉంది.

దాతల సొమ్ము ఎక్కడ ఎక్కువ పని చేస్తుంది?

బ్యాగులు, పుస్తకాలు మానమని మేము అనటం లేదు. అయితే ప్రభుత్వ బడిలో పాఠ్యపుస్తకాలు, బ్యాగు ప్రభుత్వమే ఇస్తోంది. అదే వస్తువు రెండోసారి ఇచ్చే ముందు ఆలోచించాలి. గైడ్లు టోకున కొని నిల్వ పెట్టవద్దు. సిలబస్ మారితే అవి చిత్తు కాగితాలు.

పిల్లవాడిని ప్రభుత్వ బడి మాన్పించి ప్రైవేటు బడి ఫీజు కట్టే ముందు కూడా ఒక విషయం చూడాలి. ఎన్ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష ఎనిమిదో తరగతిలో ఉంటుంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు ఏడాదికి 12,000 రూపాయలు, నాలుగేళ్లకు 48,000. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలే దీనికి అర్హులు. ప్రైవేటు బడికి మారిస్తే ఆ అవకాశం పోతుంది. తర్కానికి 90, పాఠ్యాంశాలకు 90 ప్రశ్నలుండే ఈ పరీక్షకు ఏడో తరగతి సెలవుల నుంచి తయారు చేస్తే ఒక చిన్న శిక్షణ తరగతి ఎన్నో కుటుంబాలకు ఆసరా అవుతుంది.

మా దృష్టిలో అన్నిటికంటే ముందు కావలసింది మహల్లాకో సాయంత్రపు చదువు కేంద్రం. మక్తబ్ గదులు అసర్ తర్వాత ఖాళీగానే ఉంటాయి. లైట్లు, రెండు బోర్డులు, ఒక చాప, కథల పుస్తకాలు నిండిన ఒక బీరువా చాలు. డిగ్రీ, బీఈడీ చదువుతున్న మన అమ్మాయిలకు నెలనెలా గౌరవ వేతనం ఇస్తే బోధించేవాళ్లు దొరుకుతారు. వాళ్లకూ ఆదాయం, తల్లులకూ ధైర్యం. మూడు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు ఈ కేంద్రంలో ముందు చోటివ్వాలి. పదిలో కనిపించే దెబ్బ అక్కడే తగులుతుంది.

జకాత్ సొమ్ము ఏ ఖర్చుకు వాడవచ్చో, ఏది సదఖా, ఇమ్దాద్ నుంచి పెట్టాలో ఉలమాలను అడిగి నిర్ణయించుకోవాలి. దాతలు ఇచ్చేటప్పుడే "ఇది చదువు కేంద్రానికి" అని చెబితే కమిటీకి పని తేలికవుతుంది. డబ్బు ఇవ్వలేనివారు వారానికి రెండు సాయంత్రాలు ఇవ్వవచ్చు. రిటైరైన ఉద్యోగులు, బ్యాంకులో పనిచేసినవారు, దుకాణం లెక్కలు రాసేవారు ఎవరైనా ఒక పిల్లవాడి చేత రోజూ ఒక పేజీ చదివించగలరు.

వచ్చే ఏడాది సంచికలో ఎన్ని బ్యాగులు పంచామన్న వరుస పక్కన ఇంకో వరుస అచ్చు కావాలని మా కోరిక: జూన్‌లో పేరా చదవలేని పిల్లలు ఎందరు, మార్చి నాటికి కథ చదివినవారు ఎందరు. చదవమన్న ఆజ్ఞతో వహీ మొదలైన ఉమ్మత్ మనది. ఆ లెక్క దాతలు అడగాలి, మేము చూపించాలి. అల్లాహ్ మన పిల్లలకు ఇల్మ్‌ను, ఇచ్చే చేతులకు బర్కత్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.