ఎవరి వస్తువు వారి గూట్లో

పొద్దున ఎనిమిదయింది. బడికి వేళయింది. పిల్లవాడు ఇల్లంతా వెతుకుతున్నాడు.

"మా, నా లెక్కల పుస్తకం యాడుంది?"

"నన్నడిగితే నాకేం తెలుసురా? నువ్వు యాడ పెట్టినావో చూసుకో."

అక్క జడ వేసుకోవడం ఆపి వెతికింది. పుస్తకం మంచం కింద దొరికింది. తమ్ముడు పుస్తకం లాక్కుని పరుగెత్తాడు. అక్కకు ఆ రోజు బడికి ఆలస్యమయింది.

ఇలాంటి పొద్దులు చాలా ఇళ్లలో ఉంటాయి. తిట్టినంత మాత్రాన ఇవి మారవు. పిల్లలకు అలవాటు నేర్పాలి.

ఓర్వకల్లు తల్లుల పద్ధతి

కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఓర్వకల్లు ఉంది. అక్కడ రాళ్ల గుట్టలు, మెట్ట చేలు ఎక్కువ. వాన పడితేనే పంట. 1995లో ఐక్యరాజ్య సమితి తోడ్పాటుతో కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాల్లో ఒక పేదరిక నిర్మూలన పథకం మొదలైంది. ఓర్వకల్లు మండలం అందులో ఉంది. ఆడవాళ్లు పొదుపు సంఘాలుగా చేరారు. రోజుకు ఒక రూపాయి చొప్పున దాచారు. తర్వాత ఆ సంఘాలన్నీ కలిసి ఓర్వకల్లు మండల పొదుపులక్ష్మి ఐక్య సంఘం ఏర్పడింది. ఆ సంఘం పిల్లల కోసం బాలభారతి అనే బడిని కూడా నడిపింది.

పొదుపు సంఘం నిలబడేది రూపాయితోనే కాదు, పద్ధతితో. అనుకున్న రోజున కూర్చోవాలి. ప్రతి రూపాయికీ పుస్తకంలో లెక్క రాయాలి. అప్పు ముందు ఎవరికి అవసరమో అందరూ మాట్లాడుకుని తీర్మానించాలి. ఇంత పద్ధతి తెలిసిన తల్లి దాన్ని ఇంట్లో పిల్లలకూ నేర్పవచ్చు. దీనికి ఖర్చు లేదు.

ఒకటి: చోటు

ప్రతి వస్తువుకూ ఒక చోటు ఉండాలి. రాతి ఇళ్లలో గోడకు గూళ్లు ఉంటాయి. ఒక గూడు పిల్లలకు ఇవ్వాలి. గూడు లేకపోతే ఒక అట్టపెట్టె చాలు. బట్టలకు దండెం, సంచికి ఒక మేకు. అవి పిల్లల చేతికి అందే ఎత్తులో ఉండాలి. అందకపోతే ప్రతిసారీ అమ్మే తీసి ఇవ్వాలి. అప్పుడు పిల్లలకు అలవాటు రాదు.

రెండు: వేళ

రేపటి పని ఈ రాత్రే సర్దుకోవాలి. పడుకునే ముందు పుస్తకాలు, పలక, పెన్ను సంచిలో పెట్టించాలి. దీనికి పది నిమిషాలు పట్టదు. పొద్దున అరుపులు తప్పుతాయి.

మూడు: పని పంపకం

నాలుగేళ్ల బిడ్డ తిన్న పళ్లెం తెచ్చి పెట్టగలదు. ఏడేళ్ల బిడ్డ పక్క మడత పెట్టగలదు, కసువు ఊడ్చగలదు. పదేళ్ల బిడ్డ తన బట్టలు ఉతుక్కోగలదు, అంగడికి పోయి చిల్లర లెక్క చూసుకుని రాగలదు.

ముందు పెద్దవాళ్లు చేసి చూపించాలి. తర్వాత కలిసి చేయాలి. ఆపైన పిల్లలకే వదిలేయాలి. మొదట్లో మూలన కసువు మిగులుతుంది. తల్లి మళ్లీ ఊడ్చకూడదు. "ఆ మూల కూడా చూడు నాయనా" అంటే చాలు.

మొక్కై వంగనిది మానై వంగదు అంటారు. వంచడమంటే కొట్టడం కాదు. భయంతో చేసిన పని పెద్దవాళ్లు పక్కన ఉన్నంతసేపే సాగుతుంది.

ఇంకొక మాట. పనులన్నీ ఆడపిల్ల మీద పడకూడదు. అన్నం తినే ప్రతి ఒక్కరికీ పళ్లెం కడగడం రావాలి. తన పుస్తకం తాను వెతుక్కోలేని తమ్ముడి వల్ల అక్క చదువు ఆగకూడదు.

నాలుగు: డబ్బు

జాతరకు ఇచ్చిన పది రూపాయలకు లెక్క రాయించాలి. ఎంత వచ్చింది, దేనికి పోయింది, ఎంత మిగిలింది? తల్లి తన పొదుపు పుస్తకం పక్కన పెట్టి చూపిస్తే పిల్లలకు తొందరగా అర్థమవుతుంది. తల్లికీ చదువు మరచిపోకుండా ఉంటుంది.

ఐదు: ఆపద

పెద్దవాళ్లు చేనికి పోయినప్పుడు ఇంట్లో పిల్లలే ఉంటారు. చిన్న తమ్ముడికి విరేచనాలు పట్టుకుంటే ఏం చేయాలి? లీటరు మంచి నీళ్లు కాచి చల్లార్చాలి. అందులో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపాలి. చెంచా మీద పోగు ఉండకూడదు. సమంగా కొలవాలి. ఆ నీళ్లు కొంచెం కొంచెంగా తాపాలి. తగ్గకపోతే ఆసుపత్రికి పోవాలి.

పాము కరిస్తే కోయకూడదు, నోటితో పీల్చకూడదు. కరిచిన కాలు, చేయి కదపకూడదు. వెంటనే 108కి ఫోను చేయాలి. ఊరి పేరు, వీధి, గుర్తు స్పష్టంగా చెప్పాలి. ఇది ముందే ఒకసారి ఆటగా చెప్పించి చూడాలి. పిల్లలను ఎవరైనా బాధపెడితే 1098కి చెప్పవచ్చునని కూడా నేర్పాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలో పిల్లలకు పది జీవన నైపుణ్యాలు కావాలని చెప్పింది. నిర్ణయం తీసుకోవడం, చిక్కు విప్పుకోవడం, మనసులో మాట చెప్పగలగడం, ఎదుటివారి బాధ తెలుసుకోవడం, కోపాన్ని అదుపులో పెట్టుకోవడం అందులో కొన్ని. ఇవి ఇంటి పనుల్లోనే మొదలవుతాయి.

ఇంటి పని వేరు, కూలి వేరు

కర్నూలు జిల్లాలో 1990లలోనూ, ఆ తర్వాతా ఎందరో ఆడపిల్లలు బడి మాని పత్తి విత్తనాల చేలలో క్రాసింగు పనికి పోయారు. "పని నేర్చుకుంటుంది లే" అని పెద్దలు అనుకున్నారు. కానీ బడిని మింగే పని పిల్లకు ఏమీ నేర్పదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ చదువు హక్కు అని 2009లో చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది.

గుర్తు సులభం. పని అయ్యాక బిడ్డకు బడికి, చదువుకు, ఆటకు, నిద్రకు వేళ మిగిలితే అది నేర్పడం. మిగలకపోతే అది బరువు.

ఆలోచించండి, చేయండి

1. మీ ఇంట్లో పిల్లల వస్తువులకు చోటు ఉందా? అది వారికి అందుతుందా?

2. నిన్న మీ కొడుకు ఏ పనులు చేశాడు? కూతురు ఏ పనులు చేసింది? రెండు వరుసలుగా రాయండి. ఏ వరుస పొడుగ్గా ఉంది?

3. ఆ రాసినది సంఘం సమావేశంలో చదివి వినిపించండి.