వార్తల్లో పదం: నిర్దేశిత జాబితా

ప్రాచీన నాణేల దిగుమతిపై అమెరికా ఆంక్షలకు ఆయువుపట్టు ఈ జాబితాయే. యునెస్కో 1970 ఒడంబడికను అమలు చేసేందుకు అక్కడ 1983లో చట్టం వచ్చింది. ఏదైనా దేశంతో ఒప్పందం కుదిరితే, ఆ దేశపు ఏయే పురావస్తువులు రాకూడదో జాబితాకెక్కిస్తారు. గడువు ఐదేళ్లు, పొడిగించవచ్చు. నాణేలకు ఈ గతి తొలిసారి 2007లో పట్టింది, సైప్రస్ విషయంలో.

2009లో నాణేల సేకర్తల సంఘం ఒకటి ఈ ఆంక్షల సంగతి కోర్టులో తేల్చుకుందామని లండన్ నుంచి జాబితాకెక్కిన సైప్రస్, చైనా నాణేలు కొన్ని బాల్టిమోర్‌కు తెప్పించింది. కస్టమ్స్ వాళ్లు పట్టుకోవడంతో కోర్టుకెక్కింది. ఆ తర్వాతి జప్తు కేసులో ప్రతివాదులు మనుషులు కారు: ‘మూడు కత్తి ఆకారపు నాణేలు, మరో 12 చైనా నాణేలు, ఏడు సైప్రస్ నాణేలు’! 2018లో అప్పీలు కోర్టులోనూ సంఘానికి చుక్కెదురైంది.

సేకర్తల వాదనలో పస లేకపోలేదు. నాణెం పుట్టిందే చేతులు మారడానికి. రోమన్ వెండి నాణేలు మన నల్గొండ జిల్లాలో దొరకలేదా? చిల్లర నాణేనికి తాతల నాటి రసీదు ఎవరు దాస్తారు? కానీ దొంగ తవ్వకాల్లో పైకి లాగిన నాణెంతో ఆ మట్టిపొర కాలాన్ని చెప్పే సాక్ష్యమే చెరిగిపోతుంది. నా లెక్కలో ఈ నష్టమే పెద్దది. జాబితాకెక్కక ముందే దేశం దాటిందని కాగితం చూపిస్తే నాణెం తెచ్చుకోవడానికి ఇప్పటికీ అడ్డు లేదు.