నిరంతర గ్లూకోజ్ మానిటర్
నిరంతర గ్లూకోజ్ మానిటర్ అనేది శరీరంలోని గ్లూకోజ్ హెచ్చుతగ్గులను రాత్రింబవళ్ళు నమోదు చేసే పరికరం. అమెరికాలో దీనికి తొలి అనుమతి 1999లో లభించింది. చేతికి లేదా పొట్టకు అతికించే సెన్సరు రక్తాన్ని కాక, చర్మం కింద కణాల మధ్యనుండే ద్రవాన్ని పరీక్షిస్తుంది. అందువలన రక్తంలోని మార్పు ఇందులో కొన్ని నిమిషాలు ఆలస్యంగా కనబడుతుంది.

పరగడుపు పరీక్షకు భోజనానంతరపు పెరుగుదల, నిద్రలోని తగ్గుదల అందవు. కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలలో జొన్నరొట్టె, మక్క గట్క తింటే చక్కెర పెరగదని కొందరి నమ్మకం. ఇవీ పిండిపదార్థాలే గనుక పెరుగుతుంది. ఎంత తిన్నారు, వెంట ఏ పప్పు, ఏ కూర తిన్నారు అన్నదానిని బట్టి ఆ పెరుగుదల మారుతుంది. అది ఎవరికి వారు చూసుకోవలసినదే.

గర్భిణులు కాని పెద్దలలో చాలామందికి లక్ష్యం 70–180 మి.గ్రా./డె.లీ. సెన్సరుపై ఒత్తిగిలి పడుకుంటే అంకె తప్పుగా తగ్గవచ్చు. చెమటలు, వణుకు ఉన్నా అంకె మామూలుగానే కనబడితే వేలి రక్తంతో వెంటనే సరిచూసుకోవాలి.