ఉక్కు పగుళ్ల నుంచి అండాశయం దాకా

1955 జులై 21న స్కాట్లండ్‌లోని రెన్‌ఫ్రూలో బాయిలర్లు తయారుచేసే బాబ్‌కాక్ అండ్ విల్కాక్స్ ఫ్యాక్టరీకి ఒక డాక్టరు కారులో వచ్చాడు. డిక్కీలో ఉన్నవి ఆపరేషన్లలో ఆడవాళ్ల పొట్టలోంచి తీసిన గడ్డలు. పోల్చి చూడటానికి ఫ్యాక్టరీవాళ్లు ఓ పెద్ద మాంసం ముక్క తెప్పించి ఉంచారు.

ఆ డాక్టరు ఇయాన్ డొనాల్డ్, గ్లాస్గో యూనివర్సిటీలో ప్రసూతి శాస్త్ర ప్రొఫెసర్. రెండో ప్రపంచ యుద్ధంలో వైమానిక దళంలో పనిచేసినవాడు కనుక రాడార్, సోనార్ సంగతులు తెలుసు. శబ్ద తరంగాలతో లోహంలో పగుళ్లు పట్టే యంత్రానికి మాంసంలో తేడాలు తెలియవా అన్నది ఆయన అనుమానం. తెలిశాయి. నీటి తిత్తిలో ప్రతిధ్వని గోడల దగ్గరే వచ్చింది. ఫైబ్రాయిడ్ అనే గట్టి గడ్డలో లోపల కూడా వచ్చింది.

ఈ సంగతి చెవినపడిన టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజనీరు తనే డొనాల్డ్‌కు ఫోన్ చేశాడు. డాక్టర్ జాన్ మెక్‌వికర్ తోడయ్యాడు. ఇప్పుడు పొట్టమీద రాసే జెల్ స్థానంలో వాళ్లు వాడింది ఆలివ్ నూనె! కడుపులో క్యాన్సర్, ఆపరేషన్‌కు లొంగదు అని తేల్చేసిన ఒకావిడను వీళ్ల యంత్రం పరీక్షిస్తే అది అండాశయంలో తిత్తి అని తేలింది. తీసేశారు, ఆవిడ కోలుకుంది. 1958లో ‘లాన్సెట్’లో వీరి పరిశోధన అచ్చయింది.

‘‘నీళ్లు తాగి రండి, బాత్రూమ్‌కి వెళ్లకండి’’ అని స్కానింగ్ సెంటర్లలో చెప్పే మాటకు మూలం కూడా డొనాల్డే. మూత్రాశయం నిండితే పేగులు పక్కకు తొలగి, శబ్దానికి దారి దొరుకుతుంది. ఆ కిటికీలోంచి ఆయన 1963లో తొలి వారాల గర్భాన్ని చూడగలిగాడు.

మన దేశంలో ఈ యంత్రం ఆడపిల్లల ప్రాణం మీదికి తెచ్చిందన్నది మరో కథ. పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించిన 1994 చట్టం తర్వాత ప్రతి సెంటర్లోనూ ‘లింగ నిర్ధారణ చేయబడదు’ అన్న బోర్డు తప్పనిసరైంది.

సంతానం కోసం తిరిగేవారికి మేలు చేసిన మలుపు 1980లలో వచ్చింది: యోని ద్వారా పెట్టే సన్నటి ప్రోబ్. శబ్దపు పౌనఃపున్యం పెరిగేకొద్దీ బొమ్మ నిశితమవుతుంది, లోతు తగ్గుతుంది. అండాశయం పక్కనే ఉన్నప్పుడు లోతుతో పనేముంది? నిండిన మూత్రాశయం బాధ కూడా తప్పింది. దీనికి ఖాళీగా ఉండటమే మంచిది.

అండం ఎదుగుదలను స్కాన్‌లతో గమనించే ఫాలిక్యులర్ స్టడీ కాగితం చూడండి. తేదీ, కుడి అండాశయం, ఎడమ అండాశయం, గర్భసంచి పొర మందం... అన్నీ మిల్లీమీటర్లలోనే. అండం ఉండే తిత్తి ఫాలికిల్. అన్నిటికంటే ముందున్న ఫాలికిల్ రోజుకు సుమారు 2 మి.మీ. పెరిగి, 20 అటూ ఇటూ చేరాక పగులుతుంది. ఆ అంకెల కోసం రోజు మార్చి రోజు ఆటోల్లో తిరిగే భార్యాభర్తల ఓపిక ఆ కాగితం మీద కనిపించదు.

1978లో తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టిన కాలంలో అండం తీయాలంటే పొట్టకు గాటుపెట్టి లాపరోస్కోప్ దించేవారు. ఇప్పుడు ప్రోబ్‌కు అమర్చిన సూదితో తెర చూస్తూ ఫాలికిల్‌ను గుచ్చుతారు. నల్లటి గుండ్రని నీడ తెరమీద ముడుచుకుపోతుంది. అయితే అండం మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే, అది తెరమీద కనబడదు. బయటికి లాగిన ద్రవాన్ని పక్క గదికి అందిస్తే, ఎంబ్రియాలజిస్ట్ మైక్రోస్కోప్ కింద వెతుక్కోవలసిందే.