నేలపట్టు పక్షులు - పులికాటు తీరము

కృష్ణా తుంగభద్రల నడుమనున్న మా నడిగడ్డ స్త్రీలకు యాత్రయనగా తీర్థయాత్రయే. మల్దకల్ తిమ్మప్పను కొలుచు మాబోటివారు గద్వాలలో రైలెక్కి, తిరుపతిలో స్వామిని దర్శించి, వెంటనే యిల్లు చేరుట పరిపాటి. మాలో సముద్రతీరమును చూడనివారే యెక్కువ. తిరుపతికి వెళ్ళిన సోదరీమణులు మరియొక్క దినము వెచ్చించినచో, నాయుడుపేట దాటిన పిమ్మట దొరవారిసత్రము చెంతనున్న నేలపట్టును, సూళ్ళూరుపేట కడనున్న పులికాటు సరస్సును చూడవచ్చును. మేము చూచి వచ్చితిమి గనుక ఆ విశేషములను మనవి చేయుచున్నాము.

నేలపట్టు చిన్న గ్రామము. దాని చెఱువు నీటిలో నిలిచియున్న కడపచెట్లే పక్షులకు పురిటిండ్లు. ప్రభుత్వము 1976లో దీనిని పక్షుల రక్షితస్థానముగా ప్రకటించినది. ఈశాన్య ఋతుపవనముల వానలకు చెఱువు నిండుసరికి గూడబాతులు, నత్తగుల్లకొంగలు, శబరికొంగలు, నీటికాకులు వచ్చి గూళ్ళు కట్టును. చుట్టును నీరుండుటచే నక్కలు, పిల్లులు ఆ చెట్లను చేరజాలవు. గట్టువెంట మెల్లగా నడచి మంచె యెక్కి చూచినచో, గూడబాతు ముక్కు క్రింది సంచితో చేపలను పట్టి తెచ్చుటయు, పిల్ల ఆ నోటిలోనికి తల దూర్చి తినుటయు కనబడును. ఆడదియు మగదియు వంతులవారీగా గ్రుడ్లు పొదుగును. బిడ్డల పెంపకము తల్లిపనియే యనుకొను పురుషులకు ఇది తప్పక చూపదగిన దృశ్యము!

అయినను చెఱువును చెట్లును ఉన్నంతమాత్రమున పక్షులు నిలువవు. వాని రెట్ట కంపును, రేయింబవళ్ళ రొదను ఊరివారు ఓర్చుకొనవలెను. రెట్ట కలిసిన చెఱువునీరు పాఱిన పొలము బాగుగా పండునని అచ్చటి రైతుల అనుభవము. పురిటికి వచ్చిన ఆడబిడ్డను తరిమివేయు పుట్టిల్లుండునా? ఆ గ్రామస్థుల ఓర్పే ఈ పక్షులకు అసలైన కంచె.

ఇచ్చటి పక్షులు మేతకై పులికాటునకు పోవుచుండును. సముద్రముతో సంబంధముగల ఉప్పునీటి సరస్సులలో మన దేశమున చిలికా తరువాత ఇదియే పెద్దది. సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు పోవు బాట ఈ సరస్సు నడుమనుండియే సాగును. ఆ బాటకు ఇరుప్రక్కల లోతులేని నీటిలో ఫ్లెమింగోలు బారులుతీరి నిలుచును. అవి తలను తలక్రిందుగా నీటిలో ముంచి, ముక్కుతో నీటిని వడగట్టి సూక్ష్మజీవులను తినును. వాని గులాబివన్నె ఆ ఆహారమువలననే కలుగును.

ఈ సరస్సునకు ముప్పు లేకపోలేదు. సముద్రపునీరు వచ్చు ముఖద్వారములు ఇసుకతో పూడుచున్నవి. నీరు తగ్గినచో చేప తగ్గును. చేప తగ్గినచో పక్షికి మేతయు లేదు, జాలరి యింట పొయ్యియు వెలుగదు.

చూడబోవువారికి కొన్ని మాటలు. అక్టోబరు మొదలు మార్చి వఱకు తగిన కాలము; వానలు లేని యేట పక్షులు పలుచన. ఉదయమో సాయంకాలమో వెళ్ళుడు. దుర్భిణియు త్రాగునీరును వెంట నుంచుకొనుడు. కేకలు వేయకుడు; పిల్లలను రాళ్ళు విసరనీయకుడు. తల్లిపక్షి బెదరి లేచిన క్షణములో కాకి గ్రుడ్డును తన్నుకొనిపోవును. లేత పిల్ల యెండకు వాడిపోవును.

మన యూళ్ళ చెఱువులకును కొంగలు వచ్చుచునే యున్నవి. గట్టుమీది చెట్టును కొట్టబోవునపుడు, ముందుగా కొమ్మలలో గూళ్ళున్నవేమో చూడుడని యింటి మగవారితో చెప్పుట మన చేతిలోని పని.