సిలిండరు గోడమీది గీత

కారు నిలిచియుండగా ఇంజను మాత్రము మెల్లగా తిరుగుచున్న వేళ వెనుక దిక్కునుండి గడియారపు టకటకకంటె కొంచెము మొద్దుగా చప్పుడొకటి వినవచ్చుట, క్రిందటి మాసమున నింపిన ఆయిలు ఈ మాసమునకే కొలకడ్డిపై అడుగంటియుండుట, జంట పొగగొట్టములలో ఒకదాని నోరు మాత్రమే మసిబారి రెండవది తేటగా నుండుట, ఈ మూడును ఒక్కమారు కనబడినచో 1990ల చివర పుట్టిన పోర్షే 911 యజమాని గుండె గుభిల్లుమనక మానదు. మన లారీ షెడ్లలో ‘బండి బోరుకొచ్చింది’ అని యొక్క ముక్కలో తేల్చివేయు జబ్బునకు ఇది దగ్గరి చుట్టమే. అయితే ఆ లారీకిని ఈ కారునకును సిలిండరు గోడ ఒక్కటి కాదు గనుక మందును ఒక్కటి కాదు.

నిమిషమునకు 6,000 చుట్లు తిరుగు ఇంజనులో, 78 మిల్లీమీటర్ల దారిని పిస్టను సెకనునకు నూరు మారులెక్కి నూరు మారులు దిగును. ఇంత రాపిడిలో గోడకును పిస్టనునకును నడుమ నిలుచునది పలుచని ఆయిలు పొర మాత్రమే. లారీ ఇంజనులో గోడ పోతయినుము, పిస్టను అల్యూమినియము. జాతి వేరైన లోహములు గావున ఒకదానితో నొకటి సర్దుకొనిపోవును. బరువు తగ్గింపగోరి గోడనుగూడ అల్యూమినియముతోనే చేసితిమా, సజాతీయములైన ఆ రెండును వేడికి ఒకదానినొకటి కరచుకొని చిరిగిపోవును. ఈ చిక్కు తీర్చుటకు పూర్వము గాలితో చల్లబడు 911 కార్లలో, ముఖ్యముగా 1973 నాటి కరేరా ఆర్‌.ఎస్‌. 2.7లో, నికాసిల్ అను నికెలు–సిలికాన్ కార్బైడు పూతను వాడిరి. 1996లో బాక్‌స్టర్‌తోడను, ఆవెంటనే కొత్త 911తోడను వచ్చిన నీటితో చల్లబడు ఎం96 ఇంజనులో మాత్రము లోకాసిల్ అను వేరొక ఉపాయము పన్నిరి: సిలికానుతో చేసిన బోలు గొట్టమును అచ్చులో నిలిపి, కరగిన అల్యూమినియమును దాని రంధ్రములలోనికి ఒత్తిడితో ఇంకించుట. అప్పుడు గోడపై సిలికాను స్ఫటికములు సన్నని మొటిమలవలె పైకి నిలిచి పిస్టనును మోయును. నడుమ పల్లములలో ఆయిలు నిలుచును. పిస్టను నడుమునకు తోడుగా ఇనుప పూత నొకదానిని తొడిగిరి.

యోచన చక్కనిదే. కాని ఆ ఇనుప పూత అరిగినను, స్ఫటికమొకటి వేరు విడిచి ఊడినను, గోడను కాపాడవలసిన సిలికానే ఇసుకరేణువై దానిని గీయజొచ్చును. కంచే చేను మేసినట్లన్నమాట. ఒక గీత వెంట మరియొక గీత పుట్టును. గీతలగుండ ఆయిలు పైకెక్కి మండును. తుదకు పిస్టను అటునిటు కొట్టుకొని ఆ టకటక మొదలగును. ఆరు సిలిండర్లలోను ఈ బాధ తరచుగా కనబడునది ఆరవదానియందు.

రోగనిర్ణయముననే పొరపాట్లు మెండు. ఆ చప్పుడు టాపెట్లదని భ్రమించి వానిని మార్చి, సొమ్ము పోగొట్టుకొని, మరల అదే చప్పుడు వినువారు కలరు. కంప్రెషను కొలుచుట మంచిదే గాని, పిస్టను రింగులు ఇంకను గోడను పట్టియున్నంతవరకు అంకెలు సరిగానే వచ్చి మోసము చేయును. పిస్టనును పైకొననుంచి, వాల్వులు మూసియుండగా, ప్లగ్గు రంధ్రముగుండ గాలి నెక్కించి ఎంత కారుచున్నదో చూచుట అంతకంటె మేలు: ఆయిలు పోయు మూతివద్ద బుస వినబడినచో రింగులైనను గోడయైనను చెడినట్లు, పొగగొట్టమున వినబడినచో ఎగ్జాస్టు వాల్వు చెడినట్లు. సిలిండరులో నాలుగు చుక్కలు ఆయిలు వేసి మరల కొలుచు పాతపద్ధతి నిలువు ఇంజనులలో పనికివచ్చును గాని, సిలిండర్లు పరుండియున్న ఈ ఇంజనులో ఆయిలంతయు ఒక ప్రక్కకే జారును గనుక దానిని నమ్మరాదు.

కన్నుతో చూచుటయే కడపటి మాట; అదియు ఎటునుండి చూచితిమన్నదే ముఖ్యము. ప్లగ్గు రంధ్రముగుండ సన్నని కెమెరా దింపినచో కనబడునది గోడ పైభాగమే. గాయము తరచుగా క్రిందిభాగముననుండును. ఆయిలు తొట్టి నూడదీసి, పిస్టనును పైకి తిప్పి, దిగువనుండి కెమెరాను పంపు ఓర్పు కలవానికే ఆ నల్లని నిలువుచారలు కనబడును. పాతకారు కొనబోవువాడు ఈ ఒక్క పరీక్షకు బద్ధకింపరాదని నా అభిప్రాయము.

ఇక బాగుచేయుట. ఇంజను దింపి, దాని పెట్టెను రెండు చెక్కలుగా విడదీయక తప్పదు. సామాన్యమైన హోనింగు రాతితో గీతలను రుద్దిపారవేయుదమన్నచో స్ఫటికములు మరింత చిట్లి గోడ గుల్లయగును. కావున పాతగోడను తొలిచి, కొత్త లైనరు కూర్చి, దానిపై వెండ్రుకవాసి మందమున నికాసిల్ పట్టించి, ఆ పూత మిక్కిలి కఠినము గనుక వజ్రపురాళ్లతో హోనింగు చేసి అడ్డుగీతలు దిద్దుదురు. వెనుకటి మతమునకే మరలివచ్చుట! గోడ మారినపుడు పిస్టనును మారును, దానికి నప్పు పూతయు వేరు. బోర్‌గేజితో పైన, నడుమ, క్రింద, అడ్డముగను నిలువుగను కొలిచి, మిల్లీమీటరులో నూరవవంతు తేడాకుగూడ లెక్క చెప్పగలవాడే ఇక్కడ పనివాడు; పానాలు త్రిప్పుట ఎవరికైనను వచ్చును.

గీత ఏల పడినదో తెలియక కొత్తగోడ కట్టుట దండుగ. ఇంజెక్టరు కారి పెట్రోలు ఆయిలు పొరను కడిగివేసినదేమో, ఇంజను వేడెక్కకముందే బలముగా తోలిరేమో చూడవలెను. ఆయిలు దారులన్నియు కడిగి, పొడి మిగులకుండ తీయవలెను. తిరుగబిగించిన కొన్నాళ్లకే తొలి ఆయిలు దింపి, ఫిల్టరును కోసి, మడతలు విప్పి, ఎండలో పరచి చూతురు. చెమ్కీవలె ఏదైన తళుక్కుమన్నచో అయస్కాంతము చూపుదురు. అంటుకొన్నది ఇనుము; అంటుకొననిది అల్యూమినియము కావచ్చును, అయినచో మరల కెమెరాను దిగువనుండి పంపవలసినదే.