విశ్వాసమునకు వెల

బొంబాయికి ఈశాన్యమున, ఠాణా జిల్లాలో, భివండీ యను పట్టణము గలదు. మరమగ్గముల రొద రేయింబవళ్లు విడువని యూరది. తెలంగాణమునుండి వలసపోయిన పద్మశాలీలు తరతరములుగా అచట స్థిరపడియున్నారు. పద్మానగరమను పేట వారి నెలవు. నేసిన మీటరు లెక్కన కూలి ముట్టు తావున, పని పోయిననాడు అప్పిచ్చువాడును, పిల్లకు సంబంధము చూచువాడును, తుదకు పాడె మోయువాడును కులబంధువే. అట్టిచోట నొకడు క్రైస్తవుడగుట యనగా కొలుచు దైవమును మార్చుకొనుట మాత్రమే కాదు. ఆపదవేళ తట్టదగిన తలుపులను పోగొట్టుకొనుటకు సిద్ధపడుట. పదుగురు మెచ్చని విశ్వాసము మనుజుని నేమి కోరును? రాజధానిలో కొలువులు సేయు మనకిది పరుల సంగతిగా తోచవచ్చును గాని, కాదు.

ఈ ప్రశ్నకు ఒంగోలు చరిత్రము కొంత సమాధానము చెప్పుచున్నది. 1866లో యెఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగ బాప్తిస్మము పొందెను. అతని వెనుక వచ్చినవారికి అమెరికను బాప్తిస్టు మిషనరీ జాన్ క్లఫ్ మూడు నియమములు విధించెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుట కివి స్వల్పములు. కాని జాతరలో డప్పు కొట్టనని మాదిగ పలికిననాడు గ్రామవ్యవస్థయే కదలెను. కొన్ని యూళ్లలో బావులును బజారులును వారికి మూతపడెను. ఒంగోలులో మిషను బడికి తమ బిడ్డలను పంపుచుండిన అగ్రవర్ణస్థులు, ఈ జనులను చేర్చుకొన్నచో తాము తొలగుదుమనిరి. క్లఫ్ పెద్దల ప్రాపు వదలుకొని పేదలనే చేర్చుకొనెను.

అంతకంటె కఠినమైన పరీక్ష 1876-78 నాటి మహాక్షామమున వచ్చెను. క్లఫ్ బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడు మైళ్లకు పైగా గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించెను. కాని ఆ కాలమున బాప్తిస్మము లిచ్చుట మానివేసెను. అన్నమునకై మతము మారిరను మాట రాకూడదనియే ఆతని పట్టుదల. సాయము ముగిసిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి కడ, ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారి హృదయములలో నేమి యుండెనో తూచుటకు మనచేత త్రాసు లేదు. అయినను అన్నము పెట్టు చేయి ఆత్మను కొనరాదను నియమము నేటికిని శిరోధార్యమే.

నేడు పరీక్షాస్థలము బావిగట్టు కాదు, ధ్రువపత్రము. 1950 నాటి రాష్ట్రపతి యుత్తరువు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితము చేసెను; 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరించిరి; క్రైస్తవులకు లేదు. తెలుగు రాష్ట్రములలో క్రైస్తవులైన దళితులు వెనుకబడిన తరగతుల ‘సి’ వర్గమున ఒక శాతము రిజర్వేషనుతో నున్నారు. కావున అనేకులు ఆదివారము దేవాలయమునను, సోమవారము కచేరీలోను వేర్వేరు మతములవారగుచున్నారు. విశ్వాసము లేకయే, రిజర్వేషను కొరకు మాత్రమే హిందువులమని చెప్పుకొనుట రాజ్యాంగమునకు వంచన యని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

చట్టము అన్యాయమనుట వేఱు. చట్టమునెదుట అసత్యమాడుట వేఱు. మతము మారినంత మాత్రమున ఊరు వాని కులమును మఱచుట లేదు. కావున ఈ భేదము తొలగింపవలెనని కోరుట న్యాయమే. 2007లో రంగనాథ మిశ్రా కమిషను అట్లే సిఫారసు చేసెను, 2023లో ఆంధ్ర శాసనసభ అట్లే తీర్మానించెను. కాని తీర్పు మారువఱకు, తాను కొలుచువాని పేరు దాచకుండుటయే నిష్కపట విశ్వాసము కోరు మొదటి వెల.

ఆ వెలను బీదవాడొక్కడే చెల్లింపవలెననుట మాత్రము ధర్మము కాదు. చదువు, ఉద్యోగము కోల్పోవు యువకునికి ‘సత్యము పలుకు’మని బోధించు సంఘము, వాని చదువు భారమును పంచుకొనవలదా? గుంటూరు సీమలో మాలలు హెచ్చుగా లూథరను సంఘమునను, మాదిగలు బాప్తిస్టు సంఘమునను, కొందఱు రెడ్లును కమ్మలును కాథలిక్కు సంఘమునను చేరిరి. ప్రభువొక్కడే యని పాడుచు, పెండ్లి మాట రాగానే కులము వెదకువారు నాడు బావులు మూసినవారి నేమని నిందింపగలరు? వెలుపలి తిరస్కారము నోర్చుట కష్టమే. లోపలి తారతమ్యమును విడుచుట అంతకంటె కష్టము. ఆ రెండవ వెలను చెల్లించిననాడే మొదటి వెలను ఇతరుల నడుగు అర్హత సంఘమునకు కలుగును.